ముల్లు పదహారున్నర మీద

మేడ్చల్,
9 మార్చి 1944

పద్మా,

పద్నాలుగేళ్ళ కిందట మీ అమ్మ సత్తమ్మ మంచం పక్కన మీ నాయిన నా చేయి పట్టుకుని ఒక మాట ఇచ్చాడు. “బావా, పిల్లను నీ దగ్గర్నే వెట్టుకో. మెట్రిక్ దాంక సదివించు. నేను అడ్డమొస్తే గీ సత్తమ్మ మీద ఒట్టు” అన్నాడు. నా చెల్లెలు ఆ మాట వినే కన్ను మూసింది. ఏడు నెలలు నిన్ను గార్డు కూతురితో కలిపి సికింద్రాబాదు బడికి రైల్లో పంపాను. ఎనిమిదో నెలలో, నేను స్టేషన్లో డ్యూటీ మీద ఉండగా, మీ నాయిన ఎడ్లబండి తెచ్చి నిన్ను ఎక్కించుకుపోయాడు. నాకు చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను శామీర్‌పేటలో మీ గడప తొక్కలేదు.

ఇది నీకు తెలియక రాయడం లేదు. ఇది రాయకుండా మీ పిండి గిర్ని సంగతి రాయడం నాకు చేతకాదు, అంతే. అందరూ ఉత్తరం మొదట్లో క్షేమసమాచారం రాస్తారు. నాకు క్షేమం లేదు, మీ నాయినకు సమాచారం అక్కర్లేదు.

నువ్వు పంపిన బల్బు పగలకుండా చేరింది. జంగమ్మ చేపల గంపలో ఊక పోసి, మధ్యలో దాన్ని పెట్టి తెచ్చింది. “సారూ, గీ బుగ్గను మోస్కుంట పొదిగే కోడి లెక్క నడిసిన. ఇంకోపారి నాతోని కాదు, సాపలు జెప్తే జెప్పు తెస్త” అని గుమ్మంలో కూలబడింది. నీ చీటీ కొర్రమట్ట వాసన వస్తున్నది. పోస్టులో వేస్తే మీ నాయిన విప్పుతాడు కాబట్టి ఈ వాసనే మేలు.

నీ ప్రశ్న నాకు అర్థమైంది. యుద్ధం పుణ్యమా అని దీపాలకు గ్యాసునూనె దొరకడం లేదు. అందుకని మీ నాయిన గిర్ని ఇంజనుకు తోలు పట్టా తగిలించి డైనమో తిప్పి ఎలక్ట్రిక్ దీపాలు పెట్టబోతున్నాడు. మిస్త్రీ షుకూర్ పట్నం నుంచి ముప్పై బల్బులు తెచ్చాడు. డైనమో మీద 110 వోల్టులు, 20 ఆంపియర్లు అని ఉంది. ముప్పై ఒక్కసారి వెలిగిస్తే డైనమో కాలుతుందా అని మీ నాయిన భయం. నన్ను అడగడానికి ఆయనకు నామోషీ. అందుకని నువ్వు అడిగావు.

లెక్క నేర్చుకో. వోల్టులంటే తోసే బలం, మీ చెరువు తూము మీద నిలిచిన నీళ్ళ ఎత్తు వంటిది. ఆంపియర్లంటే తూములోంచి పారే నీళ్ళు. తీగ ఆ పారుదలకు అడ్డుపడుతుంది. ఆ అడ్డుకు నిరోధమని పేరు, దాని కొలత ఓములు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే శక్తి వస్తుంది, దాని కొలత వాట్లు. ఇంగ్లీషులో రెండు పుస్తకాలూ ఉర్దూలో ఒకటీ చదివాను. మూడింటిలోనూ ఉన్నది ఇంతే, మిగతాది బొమ్మలు.

నీ బల్బుకు ఒకటిన్నర వోల్టు టార్చి సెల్లు తగిలించాను. మా స్టేషన్ పారేసిన చిన్న మీటరు నా దగ్గర ఉంది. అది ఆంపియరులో వెయ్యోవంతులు చూపిస్తుంది. డెబ్బై అయిదు చూపింది. ఒకటిన్నరను దానితో భాగిస్తే ఇరవై ఓములు. ఇక మీ డైనమో 110 వోల్టులు తోస్తే, నూటపదిని ఇరవైతో భాగించు: ఒక్క బల్బు ఐదున్నర ఆంపియర్లు తాగుతుంది. నూటపదిని ఐదున్నరతో గుణించు: ఆరువందల అయిదు వాట్లు.

బల్బు మూతి మీద మాత్రం 60 అని అచ్చు వేసి ఉంది. అచ్చులో ఉన్నది నిజమని లోకం నమ్ముతుంది. నా సర్వీసు పుస్తకంలో ఒక ఇన్‌స్పెక్టరు “తలబిరుసు” అని రాసిపోయాడు. అదీ అచ్చు ఫారమే.

మీ డైనమో మూడు బల్బులు మోస్తుంది. మూడింటికి పదహారున్నర ఆంపియర్లు. నాలుగోది పెడితే కాలుతుంది. షుకూర్‌ను ఎవరో మోసం చేశారు, లేదా షుకూరే మిమ్మల్ని చేశాడు.

మీ అమ్మ అన్న,
లింగం


శామీర్‌పేట,
13 మార్చి 1944

మామకు పద్మ దండాలు.

నీ ఉత్తరం మొదటి పేజీ దాచి, రెండో పేజీ మాత్రం నాయినకు చదివి వినిపించాను. నాయిన “మూడేనా?” అన్నాడు. గిర్నిలో కూర్చున్న వాళ్ళందరూ నవ్వారు. తహశీల్దారును పిలిచి దీపాలు చూపించాలని ఆయన ఆశ. ఇంటి ముందు రెండు, గిర్నిలో పద్దెనిమిది, అంగడి తోవ పొడుగునా పది అని లెక్క వేసుకున్నాడు.

మామా, కోపం చేసుకోవద్దు. నువ్వు నేర్పిన లెక్క నేను బొగ్గుతో గోడ మీద నాలుగుసార్లు చేశాను. భాగించడం, గుణించడం నాకు సరిగ్గానే వస్తున్నవి. కాని ఆరువందల అయిదు, అరవై, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సున్న ఎక్కడో ఎక్కువ పడినట్టు అనిపిస్తున్నది. ఆ చిన్న మీటరు మీద అంకెలు సన్నగా ఉండి కంటికి ఆనలేదేమో. పోయినసారి జంగమ్మ నీకు ఎడమ కన్ను మసకగా ఉందని చెప్పింది.

షుకూర్‌ను అడిగాను. “అమ్మా, పట్నంల అందరింట్ల గివే బత్తీలు. ముప్పై గాదు, ముప్పై ఆరు వెట్టినా డైనమో ఉఫ్ అనది” అన్నాడు. అతడు మంచివాడు మామా. తల్లి ఫాతిమాకు అతడొక్కడే దిక్కు. ఇంజను పట్టా తెగి ఒకసారి అతని మోచేయి చీల్చింది, అయినా పని మానలేదు.

ఇంకొక్క మాట. ఆ రోజు నేను విడిచివచ్చిన పలక సంచి నీ ఇంట్లో ఇంకా ఉందా?

నీ మేనకోడలు,
పద్మ


మేడ్చల్,
14 మార్చి 1944

పద్మా,

నా కన్ను మసకబారిందని జంగమ్మ చెప్పిందా, మీ నాయిన చెప్పమన్నాడా? నీ ఉత్తరంలో అక్షరాలు నీవి, గొంతు ఆయనది. నాకు వినబడుతున్నది.

ముప్పై ఒక్క ఏళ్ళు నేను రైల్వేలో తంతి పని చేశాను. రోజూ పొద్దున్నే మొదటి పని లైను కొలవడం. ఒక సెల్లు పెట్టి, ముల్లు చూసి, మేడ్చల్ నుంచి కామారెడ్డి దాకా తీగ నిరోధం ఎంతో పుస్తకంలో రాసేవాణ్ణి. అది రాయనిదే చాయ్ ముట్టేవాణ్ణి కాదు. ఒక్క రోజూ సున్న ఎక్కువ పడలేదు, తక్కువ పడలేదు. ఒకసారి ముల్లు రెండు గీతలు తేడా చూపిందని చెప్పాను. స్టేషన్‌మాస్టరు “ముసలోడా, పడుకో” అన్నాడు. నాకప్పుడు నలభై ఏళ్ళు! మనోహరాబాదు దగ్గర తీగ మీద తాటిమట్ట పడి ఉంది. అందరూ వెళ్ళి చూశారు. ఆ స్టేషన్‌మాస్టరు నాకు సారీ చెప్పలేదు, ప్రమోషన్ మీద రిటైరయ్యాడు.

ఒకటి గుర్తుంచుకో. తీగ తీగే. దాని నిరోధం పుట్టుకతో వచ్చిన గుణం. ఒక వోల్టు పెట్టినా వంద పెట్టినా అదే. పూటకో తీరు మారడానికి అది మీ నాయిన కాదు.

నీకు అనుమానం ఉంటే ఉండనీ. ఇంకో కాగితం జతచేస్తున్నాను. ఇది ఆయనకే. ఎవరిచేతనైనా చదివించుకొమ్మను. అందులో పెద్ద అక్షరాలతో రాశాను: “ఈ బల్బు 60 వాట్లది కాదు, 605 వాట్లది. మూడు దాటితే డైనమో పోతుంది. తెచ్చినవాడిని అడగండి.”

పలక సంచి అటక మీద ఉంది. ఎలుకలు కొట్టకుండా వేపాకు వేస్తుంటాను. దాని సంగతి ఇప్పుడెందుకు?

లింగం


శామీర్‌పేట,
29 మార్చి 1944

మామకు,

ఈసారి దండాలు పెట్టడానికి కూడా మనసు రావడం లేదు. అయినా పెడుతున్నాను.

నీ కాగితం నాయిన పటేలు ఇంటి అరుగు మీద అందరి ముందూ చదివించుకున్నాడు. వెంటనే షుకూర్‌ను పిలిపించాడు. “రైలోల్లు తీగలు గొలిసి అన్నం తిన్నోల్లు. మా బావకు నేనంటే పడది గానీ లెక్క తప్పడు. దొంగ బుగ్గలు నాకంటగడ్తవార?” అన్నాడు. షుకూర్ నోరు తెరవబోతే వినలేదు. అతని పనిముట్ల సంచి గిర్ని బయట పెట్టించాడు. ఐదేళ్ళు మా ఇంజను కింద పడుకుని బాగుచేసినవాణ్ణి ఐదు నిమిషాల్లో పంపేశాడు.

తర్వాత తహశీల్దారు వచ్చిన రోజు. నీ మాట మీద నమ్మకంతో నాయిన ముప్పై హోల్డర్లలో మూడింటికే బల్బులు పెట్టించాడు. పొద్దుగూకే వేళకు ఊరంతా పోగయింది. ఇంత పెద్ద గిర్నిలో మూడు దీపాలు, ఇంటి ముందు, తోవ పొడుగునా కలిపి మిగతా ఇరవై ఏడు హోల్డర్లు ఖాళీగా వేలాడుతున్నవి. తహశీల్దారు తలెత్తి చూసి, “క్యా గౌరయ్యా, మిగిలినయి ఎప్పుడు పూస్తయి?” అన్నాడు. జనం కడుపు పట్టుకున్నారు. ఆ మూడింటికి ఇప్పుడు ఊళ్ళో “లింగం దీపాలు” అని పేరు.

నాయిన ఇప్పుడు నీ మీద తిరిగాడు. “మీ మామ కావాలనే జేసిండు. పద్నాలుగేండ్ల పగ తహశీల్ ముంగట తీర్సుకున్నడు” అంటున్నాడు. ఇది నిజమా మామా? నాకు ఏమీ అర్థం కావడం లేదు. నిన్ను నమ్మితే షుకూర్ దొంగ, షుకూర్‌ను నమ్మితే నువ్వు పగవాడివి. నేను ఇద్దరినీ నమ్ముతున్నాను.

ఇంకొకటి కూడా తల తినేస్తున్నది. గిర్ని బోర్డు మీద ఆంపియర్ల మీటరు ఉంది. మూడు దీపాలు వెలుగుతుండగా దాని ముల్లు ఒకటిన్నర దాటి, రెండుకు ఇవతలే ఆగింది. నీ లెక్క ప్రకారం పదహారున్నర చూపాలి కదా?

ఫాతిమా వచ్చి మా వాకిట్లో కూర్చుని పోయింది. నాయినతో వాదించాను. చివరికి ఒక్క మాట ఒప్పుకున్నాడు: “బుగ్గలు మంచియే అని మీ మామ చేతిరాతతోని చీటీ తెమ్మను, మల్ల పనిల వెట్టుకుంట.” షుకూర్ బతుకు ఇప్పుడు నీ చీటీ మీద ఉంది. 

పద్మ


మేడ్చల్,
31 మార్చి 1944

పద్మా,

నేను కావాలని చేశానా? పగ తీర్చుకోవాలంటే నాకు మాటలున్నవి, అంకెలతో అబద్ధం ఆడించను. మనుషుల మీద నమ్మకం పోయాక నాకు మిగిలింది అంకెలే. వాటిని మీ నాయిన కోసం చెడగొట్టుకుంటానా?

లింగం దీపాలట. పెట్టనీ. ఆ ఊళ్ళో నా పేరున ఏదైనా వెలగడం ఇదే మొదలు.

ఆ బోర్డు మీటరును నమ్మకు. కొత్త మీటర్లలో ముల్లు కింద అంటుకుంటుంది. మా స్టేషన్లోనూ ఇంతే, గోటితో అద్దాన్ని తడితే లేచేది. మెల్లగా తట్టి చూడు. లేచిందంటే పదహారున్నర మీద నిలుస్తుంది. నిలవకపోతే నా పేరు లింగం కాదు. చూసి రాయి. ముల్లు ఏం చెబితే చీటీలో అదే రాస్తాను.

లింగం


శామీర్‌పేట,
4 ఏప్రిల్ 1944

మామా,

జంగమ్మ గంప ఎత్తుకుని వాకిట్లో నిలబడి “జల్దీ గానియ్ బిడ్డా, సాపలు వాసనొస్తున్నయి” అంటున్నది. నాయిన అల్వాలు నుంచి ఏ నిమిషమైనా వస్తాడు. నాలుగు ముక్కలే రాస్తున్నాను.

నాయిన లేనప్పుడు ఇంజను నడిపించాను. నువ్వు చెప్పినట్టే మీటరు అద్దం తట్టి, దీపాలు వెలిగించి చూశాను. ముల్లు పదహారున్నర మీద నిలిచింది. రెండుసార్లు చూశాను, కదల్లేదు. లెక్క తేలిపోయింది మామా! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినవి.

రేపు షుకూర్ నీ దగ్గరికి వస్తాడు. ముల్లు ఏం చెబితే అదే రాస్తానన్నావు కదా. రాసివ్వు.

పద్మ


మేడ్చల్,
5 ఏప్రిల్ 1944

చిరంజీవి పద్మకు,

నిలిచిందా! పదహారున్నర మీదే నిలిచిందా! నిన్న నీ చీటీ చదివి, చాలా ఏళ్ళ తర్వాత, ఒంటరిగా కూర్చుని నవ్వాను. నా సర్వీసు పుస్తకంలో తలబిరుసు అని రాసిన ఇన్‌స్పెక్టరు బతికి ఉంటే ఆ చీటీ ఆయనకు పంపేవాణ్ణి. తాటిమట్ట స్టేషన్‌మాస్టరుకు ఒక నకలు పంపేవాణ్ణి. అరవై నాలుగేళ్ళకు ఒక ముల్లు నా పక్షాన సాక్ష్యం చెప్పింది.

ఒక్కటే అర్థం కాలేదు. లెక్క తేలాక మళ్ళీ షుకూర్‌కు చీటీ రాయమంటావేమిటి? జాలి అయి ఉంటుంది. నీ గుణం మీ అమ్మది. కాని ముల్లు చెప్పిందే రాస్తానన్నాను, అది షుకూర్‌కు అనుకూలంగా చెప్పలేదు కదా.

అతడు పొద్దున్నే వచ్చాడు. తల్లి కూడా వచ్చి రోడ్డు అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. నేను నీ చీటీ చూపించి, “మీటరే చెప్పింది, ఇక నేను ఏం రాయాలి?” అన్నాను.

అతడు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలుగు చదవడం రాదు. “సాబ్, మీరు గొలిసినప్పుడు బత్తీ సల్లగుండె. సల్లగున్నప్పుడు దాని తీరొకటి, ఎర్రగైనంక దాని తీరొకటి. నేను సదువుకోలే. గానీ గీ చేతుల నుంచి ఎన్ని బత్తీలు పోయినయో!” అన్నాడు.

నేను నవ్వాను. “తీగ తీరు మార్చుకుంటుందా షుకూర్? అది నువ్వా, నేనా?” అన్నాను.

“మనుషులే మారరు సాబ్” అన్నాడు. సలాం పెట్టాడు. “చీటీ రాయరా?” అని ఇంకోసారి అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. సాయంత్రం మన్మాడ్ బండి ఎక్కి బొంబాయి వెళ్తానన్నాడు. అక్కడ మిలిటరీ వర్క్‌షాపులో మిస్త్రీలను తీసుకుంటున్నారట. తల్లి రోడ్డు అవతలి నుంచి నా వైపే చూస్తూ నిలబడింది.

చదువులేని మనిషి మంచి మాటకారి. ఆ మాట అప్పటి నుంచి చెవిలో మోగుతున్నది. ఎందుకో తెలియదు.

ఆశీస్సులతో,
మామ


శామీర్‌పేట,
6 ఏప్రిల్ 1944

మామా,

ఎంత పని చేశావు!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు ఎందుకు నవ్వావో మొదట అర్థం కాలేదు. తర్వాత నా చీటీలో నేనేం రాశానా అని గుర్తు చేసుకుని, రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాను. ఎన్ని దీపాలు వెలిగించానో రాయలేదు. తొందరలో రాయలేదు.

ముప్పై వెలిగించాను మామా. ముప్పై హోల్డర్లకూ ముప్పై బల్బులు నేనే నిచ్చెన ఎక్కి పెట్టాను. ముప్పైకి ముల్లు పదహారున్నర. మూడింటికి ఒకటిన్నర దాటింది అని ముందే రాశాను, అదీ నిజమే. మీటరు ఎన్నడూ తప్పు చెప్పలేదు. డైనమో కాలలేదు, చేయి పెడితే గోరువెచ్చగా ఉంది.

నువ్వు నేర్పిన లెక్కే చేశాను. పదహారున్నరను ముప్పైతో భాగిస్తే ఒక్క బల్బుకు అర ఆంపియరు దాటి కొంచెం, వందలో యాభై అయిదు వంతులు. నూటపదిని దానితో భాగిస్తే రెండువందల ఓములు. నూటపదిని దానితో గుణిస్తే అరవైన్నర వాట్లు. బల్బు మూతి మీద ఉన్నది నిజం. మరి నీకు ఇరవై ఓములు వచ్చింది, నాకు రెండువందలు వచ్చింది. ఇద్దరిదీ ఒకటే లెక్క, ఒకటే బల్బు. రాత్రంతా తల పగిలేలా ఆలోచించాను. నీ మీటరు తప్పు కాదు, నీ కన్ను తప్పు కాదు, సున్న కూడా తప్పు కాదు.

ఒక్కటే అడుగుతాను. నువ్వు టార్చి సెల్లు తగిలించినప్పుడు ఆ బల్బు వెలిగిందా మామా?

షుకూర్ నీకు అదే చెప్పాడు. నువ్వు నవ్వావు.

నాయిన ముందు నిన్న ముప్పై దీపాలూ వెలిగించాను. “మరి లింగం దీపాలు?” అన్నాడు. “అవి కూడా అందులనే ఉన్నయి నాయినా” అన్నాను. తల దించుకుని బయటికి పోయాడు. షుకూర్‌ను పిలిపిద్దామని ఫాతిమా ఇంటికి మనిషిని పంపితే, ఆమె తలుపు తెరవలేదట.

ఇంకో మాట ఇన్నేళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. నాయిన మాట తప్పాడు, నిజమే. కాని ఆ తర్వాత నువ్వు నన్ను తీసుకుపోవడానికి ఒక్కసారి కూడా రాలేదు. పదేళ్ళ పిల్లను. రెండేళ్ళ దాకా సాయంత్రం కాగానే వాకిట్లో నిలబడి మేడ్చల్ తోవ చూసేదాన్ని. గడప తొక్కనన్న నీ పంతం నీకు దక్కింది. నాకు బొగ్గు దక్కింది, గోడ దక్కింది.

జంగమ్మను పొద్దు పొడవకముందే పంపుతున్నాను. ఈ ఉత్తరం చదవగానే ఏదైనా చెయ్యి.

పద్మ


మేడ్చల్,
8 ఏప్రిల్ 1944

పద్మా,

వెలగలేదు.

నీ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. జంగమ్మ “ఏంది సారూ, గట్ల పీనుగు లెక్కయినవు? కూసో, నీల్లు తాగు” అని నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది. చేపల చేతులతోనే లోటా అందించింది.

కలప అడితి కంట్రాక్టరు లారీ నుంచి ఆరు వోల్టుల బ్యాటరీ అడిగి తెచ్చాను. అదే బల్బుకు తగిలించాను. తీగ చీకట్లో పెట్టి చూస్తే కనీకనబడకుండా ఎర్రబారింది. మీటరు నూట ఇరవై చూపింది. భాగించాను: యాభై ఓములు. ఒకటిన్నర వోల్టుకు ఇరవై, ఆరు వోల్టులకు యాభై, నీ నూటపదికి రెండువందలు. తీగ వేడెక్కినకొద్దీ ఎక్కువ అడ్డుపడుతున్నది. పారుదల తగ్గిపోతున్నది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు కొలిచింది గాలికి వేలాడే చల్లని తంతి తీగను. అది ఎన్నడూ వెలగలేదు, వెలగవలసిన అవసరం దానికి రాలేదు. ఆ అలవాటుతోనే నీ బల్బునూ కొలిచాను. పుస్తకాల్లో ఇది ఉండే ఉంటుంది. తీసి చూశాను. ఉర్దూ పుస్తకం నూటపన్నెండో పేజీలో ఉంది. ఆ పేజీలో నేను గీసిన గీత కూడా ఉంది.

ఆరో తేదీ మధ్యాహ్నమే స్టేషన్‌కు వెళ్ళాను. బండి అప్పటికి మన్మాడ్‌కు చేరబోతున్నది. తంతి బల్ల మీద ఇప్పుడున్నవాడు కుర్ర సిగ్నలరు. “ఫారం నింపండి తాతా” అన్నాడు. “నింపుతా, మీట మాత్రం నన్ను కొట్టనియ్యి” అన్నాను. ఏమనుకున్నాడో, లేచి కుర్చీ ఇచ్చాడు. మీట మీద వేలు పెట్టి తొమ్మిదేళ్ళయింది. అయినా ఒక్క అక్షరం తప్పలేదు. మన్మాడ్ స్టేషన్‌కు ఇలా కొట్టాను: “షుకూర్ మిస్త్రీ, శామీర్‌పేట. బల్బులు మంచివి. లింగం లెక్క తప్పు. వెనక్కి రా.” నా తప్పు నా వేలితోనే, ఒక్కో అక్షరం చొప్పున, దారిలో ఉన్న ప్రతి స్టేషనూ వినేలా ఒప్పుకున్నాను.

చీకటి పడ్డాక జవాబు వచ్చింది. “ప్లాట్‌ఫారం మీద మూడుసార్లు పిలిచాం. ఎవరూ పలకలేదు.”

ఫాతిమాకు నేనే చెప్పాలి. రేపు జంగమ్మ వెంట నడిచి శామీర్‌పేట వస్తున్నాను. అవును, నడిచే. ముందు ఫాతిమా వాకిలి, తర్వాత పటేలు అరుగు. నా కాగితం చదివిన ఆ అరుగు మీదే నిలబడి, షుకూర్ దొంగ కాదని, తప్పు లెక్క నాదని అందరికీ చెబుతాను. బొంబాయి వర్క్‌షాపులన్నిటికీ ఉత్తరాలు రాస్తాను, ఎక్కడో ఒకచోట అతని పేరు దొరుకుతుంది. ఆ తర్వాత మీ గడప తొక్కుతాను. పలక సంచి అటక మీది నుంచి దించాను. వేపాకు దులిపాను. అందులో నీ బలపం ముక్క ఇంకా ఉంది. దాంతోపాటు ఉర్దూ పుస్తకం, చిన్న మీటరు కూడా తెస్తున్నాను. ఇక నుంచి అవి నీవి. బోర్డు దగ్గర నువ్వే నిలబడు.

నేను రాలేదన్నావు. నిజమే. నువ్వు తోవ చూస్తావని నాకు తెలియదని రాద్దామనుకున్నాను. కాని తెలుసు. జంగమ్మ అప్పుడు కూడా చేపలు తెచ్చేది, అప్పుడు కూడా చెప్పేది.

మీ నాయినకు ముందే చెప్పి ఉంచు. మాఫీ అడగడానికే వస్తున్నాను, షుకూర్ విషయంలో అడుగుతాను, తల వంచే అడుగుతాను. కాని అడిగాక పాతదంతా మాఫ్ అయిపోయిందని ఆయన అనుకోవద్దు. ఐదు తరగతులు కూడా నిండని పిల్ల, గోడ మీద బొగ్గుతో, ముప్పై ఒక్క ఏళ్ళ తంతివాడి తప్పు పట్టింది. దాన్ని మెట్రిక్ దాకా చదవనిస్తే నా మొదటి ఉత్తరానికే “బల్బు వెలిగిందా మామా” అని అడిగి ఉండేది, షుకూర్ ఈపాటికి ఇంజను కింద పడుకుని పాట పాడుకుంటూ ఉండేవాడు. నా వంతు తప్పు నేను మోస్తాను. కాని సత్తమ్మ మంచం పక్కన నా చేయి పట్టుకుని ఒట్టు పెట్టింది నేను కాదు, షుకూర్ కాదు, ఆ బల్బూ కాదు.

ఒట్టు పెట్టింది మీ నాయిన గౌరయ్య.

లింగం